అంపన్‌మన్ పాటలు

‘సొరె ఇకె! అంపన్‌మన్’ జపాన్‌లో పసిపిల్లల కోసం తీస్తున్న యానిమె. 1988 అక్టోబరు 3న నిప్పన్ టెలివిజన్‌లో మొదలై ఇప్పటికీ ప్రసారమవుతోంది. నిర్మాణం టోక్యో మూవీ షిన్షా సంస్థది. దీని టైటిల్ పాట ‘అంపన్‌మన్ మార్చ్’, ముగింపు పాటలు, ఒక్కో పాత్రకు ప్రత్యేకంగా చేసిన పాటలు అక్కడ రెండు తరాలకు నోటికి వచ్చు. ఆ పాటలు విని పెరిగినవాళ్లే ఇప్పుడు తమ పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని మళ్లీ వింటున్నారు.

ఈ పాటలకు ఒక ప్రత్యేకత ఉంది. పిల్లల సీరియళ్లలో సాధారణంగా కథ ఒకరిది, పాట మరొకరిది. నిర్మాతలు పిలిపించిన గీతరచయిత కథానాయకుడి పేరు నాలుగుసార్లు వచ్చేలా పల్లవి రాసిచ్చి వెళ్తాడు. అంపన్‌మన్ విషయంలో అలా జరగలేదు. ముఖ్యమైన పాటలన్నింటిలో ఆ పాత్రను సృష్టించిన యనాసె తకాషి (1919–2013) కలం ఉంది. సీరియల్ మొదలయ్యేనాటికి ఆయన వయసు 69. యుద్ధం, ఆకలి, తమ్ముడి మరణం, ఏళ్ల తరబడి గుర్తింపు లేని జీవితం చూసిన మనిషి. అందుకే మాటలు సరిగా రాని పిల్లలకోసం చేసిన పాటలో పెద్దలను ఆపి నిలబెట్టే ప్రశ్న ఒకటి చేరింది. ఈ పాటల చరిత్ర చాలావరకు ఆ ప్రశ్న చరిత్రే.

రొట్టె తలతో ఒక వీరుడు

మన ఇళ్లలో డోరేమాన్, షించాన్ తెలిసినంతగా అంపన్‌మన్ తెలియదు కాబట్టి ముందు పాత్ర గురించి చెప్పాలి. అజుకి అనే ఎర్ర గింజలను ఉడికించి, చక్కెర కలిపి చేసిన పూర్ణాన్ని లోపల పెట్టి కాల్చిన బన్నును జపాన్‌లో ‘అంపన్’ అంటారు. టోక్యోలోని కిమురాయా దుకాణం 1874లో మొదట తయారుచేసింది. మరుసటి ఏడు మెయిజి చక్రవర్తికి సమర్పించిందని చరిత్ర. అంపన్‌మన్ తల ఆ బన్నే. ఎవరైనా ఆకలితో ఉంటే ఎగురుకుంటూ వెళ్లి తన ముఖంలోంచి ఒక ముక్క తుంచి తినమని ఇస్తాడు. ముఖం తరిగినా, తడిసినా అతని బలం తగ్గిపోతుంది. అప్పుడు రొట్టెలు చేసే జాము తాతయ్య కొత్త తల కాల్చి ఇస్తాడు. ఎదురుగా ఉండే దుష్టుడు బైకిన్‌మన్, అంటే సూక్ష్మక్రిమి. చుట్టూ రొట్టెముక్క తలవాడు షొకుపన్‌మన్, కూర నింపిన రొట్టె తలవాడు కారీపన్‌మన్, రొట్టెల కొట్టులో సాయపడే బటాకొ అమ్మాయి, చీజ్ అనే కుక్క. పాత్రల సంఖ్య ఎంతగా పెరిగిందంటే, ఒక యానిమెలో అత్యధిక పాత్రలు (1,768) ఉన్నందుకు 2009లో గిన్నిస్ రికార్డు వచ్చింది.

ఈ ఊహ పుట్టిన చోటు వినోదం కాదు. యనాసె బాల్యం శికొకు దీవిలోని కొచి ప్రాంతంలో గడిచింది. తండ్రి పత్రికా విలేకరి, చైనాలో పనిచేస్తూ 1924లో చనిపోయారు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోతే అన్నదమ్ములిద్దరినీ డాక్టరైన పెదనాన్న పెంచారు. యనాసె డిజైన్ చదివి, 1941లో సైన్యంలోకి నిర్బంధంగా వెళ్లి, చైనాలో పనిచేశారు. తమ్ముడు చిహిరొ క్యోతో విశ్వవిద్యాలయంలో చదివి నౌకాదళంలో చేరాడు. 1944 డిసెంబరులో తైవాన్‌కూ ఫిలిప్పీన్స్‌కూ మధ్య బాషి జలసంధిలో ‘కురెతకె’ అనే యుద్ధనౌక మునిగినప్పుడు చనిపోయాడు.

సైన్యంలో ఉన్నప్పుడు అన్నిటికన్నా భరించలేనిది ఆకలేనని యనాసె తరువాత చాలాసార్లు చెప్పుకున్నారు. యుద్ధం ముగిశాక ఆయనను కలవరపెట్టింది ఇంకొకటి. నిన్నటిదాకా ధర్మయుద్ధమన్నది ఒక్కరోజులో అధర్మమైపోయింది. పక్షం మారితే తలకిందులయ్యే న్యాయం న్యాయమెలా అవుతుంది? ఏ దేశంలోనైనా, ఎవరి వైపు నిలబడి చూసినా మారనిది ఒక్కటే, ఆకలితో ఉన్నవాడికి తిండి పెట్టడం. ఆయన చేరుకున్న ఈ నిర్ణయమే అంపన్‌మన్‌గా మారింది.

1969లో వచ్చిన తొలి కథ పెద్దల కోసం రాసింది. అందులో అంపన్‌మన్ మామూలు మనిషే. ఆకలితో ఉన్న పిల్లలకు బన్నులు పంచుతూ ఎగిరే లావుపాటి మనిషి. చివరికి శత్రు విమానం అనుకుని విమాన విధ్వంసక ఫిరంగులతో అతన్ని కాలుస్తారు. తలే రొట్టె అయిన రూపం 1973లో ఫ్రేబెల్‌కన్ ప్రచురించిన బొమ్మల పుస్తకంలో వచ్చింది. ముఖం తినిపించడమేమిటి, క్రూరంగా ఉందని విమర్శకులు, టీచర్లు, తల్లులు అభ్యంతరం చెప్పారు. ఆ విమర్శలు చదవలేని పిల్లలు మాత్రం ఆ పుస్తకాన్ని చిరిగిపోయేదాకా తిరగేశారు. అంపన్‌మన్‌కు టీవీ దారి వేసింది బాలవాడీల్లోని ఆ పిల్లలేనని చెప్పాలి.

టీవీకి ముందే పాటల రచయిత

యనాసె 1988లో హఠాత్తుగా పాటలు రాయడం మొదలుపెట్టలేదు. మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్ ప్రచార విభాగంలో పనిచేసి, 1953లో ఉద్యోగం వదిలి కార్టూనిస్టుగా నిలబడాలని చూశారు. కార్టూన్లు పెద్దగా పేరు తేలేదు. రంగస్థల అలంకరణ, టీవీ స్క్రిప్టు, కవిత, ఏ పని వస్తే అది చేశారు. 1960లో ఒక సంగీత నాటకానికి రంగాలంకరణ చేస్తుండగా స్వరకర్త ఇజుమి తకు పరిచయమయ్యారు.

1961లో ఆ ఇద్దరూ కలిసి చేసిన పాట ‘తెనొహిర ఒ తయ్యో ని’. రాత్రివేళ ఒంటరిగా పనిచేస్తూ, బతుకు మీద విసుగుతో ఉన్నప్పుడు, దీపానికి అడ్డుపెట్టిన తన అరచేతిలో ఎర్రగా రక్తం కనిపించిందని యనాసె చెప్పేవారు. మనసు ఇంత నీరసించినా రక్తం ఎర్రగానే ఉంది అన్న ఆశ్చర్యం లోంచి ఆ పాట వచ్చింది. వానపాము దగ్గర్నుంచి నీటిమీద పరుగెత్తే పురుగు దాకా ప్రతి ప్రాణినీ మన నేస్తంగా లెక్కపెట్టే పాట అది. 1962లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ‘మిన్నా నొ ఉతా’ కార్యక్రమంలో మియాగి మరికొ గొంతులో వినిపించింది. తరువాత పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి, జపాన్ బడిపిల్లలందరి పాటయ్యింది. బతికి ఉండటమే సంతోషం, ఆ సంతోషంలోనే నొప్పి కూడా ఉంది అన్న ఈ పాట ఆలోచన ఇరవై ఏడేళ్ల తరువాత అంపన్‌మన్ మార్చ్‌లో మళ్లీ కనిపిస్తుంది.

1976లో అంపన్‌మన్ ఇజుమి తకు సంగీతంతోనే నాటకంగా రంగస్థలం ఎక్కాడు. టీవీ సీరియల్‌కు కూడా నేపథ్య సంగీతం బాధ్యత తీసుకున్నది ఆయనే. అయితే టైటిల్ పాట బాణీ మరొకరి చేతికి వెళ్లింది.

అంపన్‌మన్ మార్చ్

ఆ మరొకరు మికి తకాషి (1945–2009). పిల్లల పాటలకు పేరుపడ్డ మనిషి కాదు. ఇషికవ సయురి 1977లో పాడిన ‘త్సుగరు కైక్యో ఫుయుగెషికి’ ఆయన బాణీ. మంచు కురుస్తున్న రేవులో ఓడ ఎక్కే ఒంటరి స్త్రీ పాట అది, ఎంకా అనే విషాద ప్రధానమైన పాటల సంప్రదాయంలో శిఖరం లాంటిది. తైవాన్ గాయని తెరెసా తెంగ్‌కు జపాన్‌లో పేరు తెచ్చిన 1980ల ప్రేమ పాటలూ ఆయనవే. విరహం, వీడ్కోలు, కన్నీరు బాణీ కట్టడంలో ఆరితేరిన చెయ్యి పసిపిల్లలకు కవాతు పాట కట్టింది. ఈ ఎంపిక వల్లే ఆ పాట నిలిచిందని నా అభిప్రాయం. లయ చురుగ్గా ముందుకు తోస్తుంటుంది, పిల్లలు కాళ్లు తాటించడానికి అదే చాలు. పైన స్వరం మాత్రం ఎత్తుకు ఎక్కిన ప్రతిసారీ గుండెలో ఏదో పట్టేసినట్టు కాస్త ఆగి దిగుతుంది. ఉత్సాహం, బెంగ ఒకే వరుసలో నడుస్తాయి. పాడింది డ్రీమింగ్ అనే అక్కాచెల్లెళ్ల జంట. కలిసిపోయే ఆ రెండు గొంతుల్లో నాటకీయత లేదు, శిక్షణ పొందిన గాయనుల గమకాల ఆర్భాటం లేదు. వెంట పాడే పిల్లకు చోటు మిగులుతుంది.

మాటల సంగతికొస్తే, ఈ పాట అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. ఎందుకు పుట్టాం, ఏం చేస్తూ బతకాలి, దానికి జవాబు తెలియకుండానే రోజులు గడిచిపోతే ఎలా అని. గుండెలో గాయం నొప్పిపెడుతున్నా బతకడం సంతోషమేనని అంటుంది. కాలం వేగంగా వెళ్లిపోతుంది కాబట్టి కలను మరవద్దని, కన్నీరు ఒలకనివ్వవద్దని హెచ్చరిస్తుంది. మూడేళ్ల పిల్లకు ఇది అర్థమవుతుందా అని అడగడం సహజం. అర్థం కావాల్సిన అవసరం లేదని యనాసె నమ్మినట్టే ఉంది. పిల్లలను చిన్నచూపు చూసి మాటలను పలచన చేయకూడదన్నది ఆయన పద్ధతి. ముందు నోటికి వస్తుంది, ఇరవై ఏళ్ల తరువాతో నలభై ఏళ్ల తరువాతో ఒకరోజు అర్థమవుతుంది. జపాన్‌లో ఈ పాట గురించి పెద్దలు రాసిన వ్యాసాలు, చెప్పుకునే జ్ఞాపకాలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. తమ బిడ్డ కోసం టీవీ పెట్టినప్పుడు, చిన్నప్పటి నుంచీ తెలిసిన పాటను మొదటిసారి విన్నామని అంటారు.

యనాసెకు కూడా ఆ ప్రశ్న సొంతమే. యాభై దాటేదాకా కార్టూనిస్టుగా తనదంటూ ఒక్క పేరున్న రచన లేదు. తాను దేనికోసం పుట్టారో తెలియక మథనపడ్డారు. మనుషులకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం ఇచ్చేది ఎదుటివాళ్లను సంతోషపెట్టడమేనని, జీవితమంటే ఒకరినొకరు సంతోషపెట్టుకునే ఆట అని ఆలస్యంగా తెలిసిందని చెప్పేవారు. పాటలోని ప్రశ్నకు పాటలో జవాబు లేదు, కథలో ఉంది. పాట అయిపోగానే అంపన్‌మన్ ఎగిరి వెళ్లి ముఖం తుంచి ఇస్తాడు.

పాటలో బాగా వాదనకు దారితీసిన మాట ఒకటుంది. ప్రేమ, ధైర్యం మాత్రమే అతని నేస్తాలన్న భావం. మరి షొకుపన్‌మన్, కారీపన్‌మన్ నేస్తాలు కారా అని పిల్లలూ పెద్దలూ అడుగుతూనే ఉన్నారు. దీనికి యనాసె ఇచ్చిన వివరణ నవ్వించేది కాదు. పోరాడాల్సి వచ్చినప్పుడు మనిషి ఒంటరిగానే వెళ్లాలి, స్నేహితులను అందులోకి లాగకూడదు అన్నారు. సైన్యంలోకి గుంపులుగా తోలుకెళ్లిన తరం మనిషి అన్న మాట ఇది. ఆ నేపథ్యం తెలిశాక ఆ చరణం ఒంటరితనంగా వినిపించదు, బాధ్యతగా వినిపిస్తుంది. నిజానికి అంపన్‌మన్ చేసే ప్రతి మంచిపనీ అతన్ని కొంత తగ్గిస్తుంది. తన ఒంటికి నష్టం లేకుండా న్యాయం చేయడం కుదరదని రచయిత గట్టిగా నమ్మారు. గుండెలో గాయం గురించి పాటలో మాట రావడం అందుకే.

ఆత్మాహుతి దాడికి వెళ్లి మరణించిన తమ్ముడి కోసం యనాసె ఈ పాట రాశారన్న కథ ఒకటి బాగా ప్రచారంలో ఉంది. చిహిరొ చనిపోయింది మునిగిన నౌకలో, ఆత్మాహుతి విమానంలో కాదు. తమ్ముడి మీద బెంగ యనాసె కవితల్లో, జ్ఞాపకాల్లో సూటిగానే కనిపిస్తుంది, దాన్ని పాటలో రహస్యంగా దాచాల్సిన పని ఆయనకు లేదు. మార్చ్‌ను ఒక్క మనిషికి నివాళిగా కుదించడం వల్ల దాని ప్రశ్న చిన్నదవుతుంది. యుద్ధంలో మిగిలినవాళ్లందరూ వేసుకోవాల్సిన ప్రశ్న అది. యుద్ధం ఎరగని పిల్లలూ తమ వంతు వచ్చినప్పుడు వేసుకుంటారు.

2011 మార్చి

2011 మార్చి 11న ఈశాన్య జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చాక ఈ పాటకు కొత్త బతుకు మొదలయ్యింది. ఆ రోజుల్లో టీవీలో ప్రకటనలు ఆగిపోయాయి, వినోద కార్యక్రమాలు ఆగిపోయాయి. రేడియోకు శ్రోతలు అడిగిన పాటల్లో అంపన్‌మన్ మార్చ్ ముందుంది. టోక్యో ఎఫ్ఎం దాన్ని వినిపించగానే స్పందన వెల్లువెత్తింది. శిబిరాల్లో రోజుల తరబడి మౌనంగా కూర్చున్న పిల్లలు గొంతు కలిపి పాడారన్న వార్తలు వచ్చాయి. ఆ పిల్లల వెనక పెద్దలు కన్నీరు పెట్టుకున్నారు. ఎందుకు పుట్టాం, ఏం చేస్తూ బతకాలి అన్న ప్రశ్న ఇల్లూ ఊరూ పోయినవాళ్లకు ఎలా వినిపించి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

యనాసెకు అప్పుడు 92 ఏళ్లు. జబ్బులతో అలసిపోయి పని విరమించాలని అనుకుంటున్న సమయం. ఈ వార్త విని ఆ ఆలోచన మానుకున్నారు. బాధిత ప్రాంతాల పిల్లల కోసం అంపన్‌మన్ పోస్టర్లు గీసి పంపారు. రికుజెన్‌తకాత తీరంలో సుమారు 70,000 పైన్ చెట్లు సునామీకి కొట్టుకుపోగా నిలిచిన ఒకేఒక్క చెట్టు గురించి పాట కూడా చేశారు. మార్చ్ అప్పటిదాకా పిల్లల పాటగా ఉండేది. ఆ ఏడాది నుంచి కష్టకాలంలో అందరూ పాడుకునే పాటగా మారింది.

ముగింపు పాటలు

మార్చ్ తరువాత ఎక్కువమందికి గుర్తుండేది ‘యూకి రిన్‌రిన్’. ఇది కూడా యనాసె మాట, మికి తకాషి బాణీ, డ్రీమింగ్ గొంతు. పేరులోని ధైర్యం ఇక్కడ గంటలా మోగుతుంది. బన్ను, రొట్టె, కారీ రొట్టె, జాము, బటర్, చీజ్ అంటూ కథలోని వాళ్లందరి పేర్లూ వరుసగా వచ్చే చోట పిల్లలు ఆగలేరు. తిండి పేర్లే పాత్రల పేర్లు కావడం వల్ల ఆ వరుస వంటింటి జాబితాలాగా, సైన్యం హాజరుపట్టీలాగా రెండు రకాలుగా పనిచేస్తుంది. మార్చ్‌లో ఒంటరిగా వెళ్లినవాడికి ఈ పాటలో ఊరంతా తోడు దొరుకుతుంది.

‘అంపన్‌మన్ తైసొ’ వ్యాయామ పాట. మాటలు యనాసె, ఉవొజుమి త్సుతొము కలిసి రాశారు. బాణీ మకైనొ కోజి. ‘రోజ్ ఆఫ్ వెర్సాయ్’ యానిమె (1979) టైటిల్ పాట చేసినదీ ఈయనే. బాలవాడీల్లో, ఆటల పోటీల రోజున మైదానంలో ఈ పాటకు పిల్లలు చేతులూ కాళ్లూ ఆడిస్తారు. ఒక చరణంలో, నీ మీద నీకే నమ్మకం పోయి కూలబడేలా ఉన్నప్పుడు మంచి సంగతులు మాత్రమే గుర్తు తెచ్చుకో అన్న సలహా ఉంది. గెంతులు వేయించే పాటలో ఆ మాట ఎందుకు పెట్టారని అనిపించవచ్చు. పరుగుపందెంలో చివరన వచ్చిన పిల్లకు అది ఎంత అవసరమో ఆ మైదానంలో నిలబడ్డ టీచర్లకు తెలుసు. తరువాతి కాలంలో ‘సన్‌సన్ తైసొ’ అనే మరో వ్యాయామ పాట చేరింది. అది సరదాగా ఉంటుంది, ఇంతకు మించి దాని గురించి చెప్పేది లేదు.

దుష్టుల పాటలు

యనాసె పద్ధతిలో నాకు చాలా నచ్చేది, దుష్టపాత్రలకు కూడా వీరుడికి ఇచ్చినంత శ్రద్ధతో పాటలు రాయడం. బైకిన్‌మన్ పాటను ఆ పాత్రధారి నకావొ ర్యూసెయి పాడారు. తన గొప్ప తానే చెప్పుకునే ఆ పాటలో ద్వేషం ఎక్కడా లేదు. బైకిన్‌మన్ నవ్వు కూడా జపాన్ అక్షరమాలలోని హ, హి, ఫు, హె, హొ వరుస. అతని సహచరి, స్వార్థం, అలకలు, షొకుపన్‌మన్ మీద ప్రేమ ఉన్న దొకిన్‌చన్ పాటను త్సురు హిరోమి పాడారు. చాలామంది ఆడపిల్లలకు వీరుల కన్నా దొకిన్‌చన్ ఇష్టం. 2017లో త్సురు హిరోమి హఠాత్తుగా చనిపోయాక ఆ పాత్రకు తొమినగ మీనా గొంతు ఇస్తున్నారు.

రొట్టెకు బూజు శత్రువే, కానీ రొట్టె పొంగాలంటే సూక్ష్మజీవి కావాలి అని యనాసె అనేవారు. ఒకటి పూర్తిగా నశిస్తే రెండోది కూడా బతకదు. అందుకే బైకిన్‌మన్ ప్రతివారం దెబ్బ తిని ఎగిరిపోతాడు గానీ చావడు, వచ్చే వారం మళ్లీ వస్తాడు. శత్రువును తుడిచిపెట్టాలన్న పిలుపు ఈ సీరియల్‌లోని ఏ పాటలోనూ లేకపోవడానికి కారణం ఇదే. కవాతు లయలో పాట కట్టించుకున్న మాజీ సైనికుడు ఆ ఒక్క జాగ్రత్త మాత్రం ఎక్కడా విడిచిపెట్టలేదు.

యనాసె తరువాత

యనాసె 2013 అక్టోబరు 13న 94వ ఏట మరణించారు. ఇజుమి తకు 1992లో, మికి తకాషి 2009లో వెళ్లిపోయారు. 1988 నుంచి అంపన్‌మన్ గొంతు తొదా కెయికోదే. జాము తాతయ్య గొంతు మసువొకా హిరోషి నుంచి యమదెర కోయిచికి మారింది. మార్చ్ మాత్రం మారలేదు. పాటను కొత్త తరానికి తగ్గట్టు మార్చాలని చాలా సీరియళ్లకు అనిపిస్తుంది. డోరేమాన్ పాట కూడా చాలాసార్లు మారింది. ఇక్కడ పెద్దలు, పిల్లలు ఒకే పాట పాడగలగడం ఆ సీరియల్‌కు దక్కిన ఆస్తి.

రచయిత పెరిగిన కొచి ప్రాంతంలో ఆయన పేరిట మ్యూజియం 1996లో తెరిచారు. 2000 నుంచి జేఆర్ శికొకు అంపన్‌మన్ బొమ్మల రైళ్లు నడుపుతోంది. 2002లో మొదలైన గొమెన్–నహరి రైలు మార్గంలోని 20 స్టేషన్లకూ ఒక్కో పాత్రను యనాసె గీసి ఇచ్చారు. 2025లో ఎన్‌హెచ్‌కే ఉదయం ధారావాహిక ‘అంపన్’ యనాసెను, ఆయన భార్య నొబును ఆధారం చేసుకుని కల్పించిన కథతో ఆరు నెలలు నడిచింది. అందులో ఇజుమి తకును పోలిన స్వరకర్త పాత్రను ‘మిసెస్ గ్రీన్ ఆపిల్’ బృందం గాయకుడు ఒమొరి మొతొకి వేశారు. తొదా కెయికో ఒక రాజకీయ నాయకురాలిగా నటించారు.